అన్నయ్య పేరున్న డబ్బా

ఉమ్మికీ కళ్లెకీ తేడా కనిపెట్టడం నా మొదటి ఉద్యోగం. ఉమ్మి నీళ్ళలా ఉంటుంది, నురగ కడుతుంది, అందులో ఏమీ దొరకదు. కళ్లె ఛాతీ అడుగు నుంచి రావాలి, చిక్కగా ఉండాలి, డబ్బా వంచితే జారడానికి బద్ధకించాలి. ఈ పాఠం మద్దిలపాలెంలో ఒక అద్దె మేడ మీద నిసార్ అనే ల్యాబ్ మనిషి నాకు మూడు రోజులు ఓపిగ్గా చెప్పాడు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని, అంత శ్రద్ధగా నాకు పాఠం చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. బాగానే నేర్చుకున్నాను. ఆ చదువుతోనే నా ఇల్లు నేను ముంచుకున్నాను.

అది ఎనభై ఒకటో సంవత్సరం. ఉగాదికి ఇంకా నెల ఉందనగా క్షయ మీద పరిశోధన చేసేవాళ్ళు మా పేటకి వచ్చారు. మా పేట రేవుకీ ఖనిజం కుప్పలకీ మధ్య ఇరుక్కుని ఉండేది. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన బట్టలు, అన్నం గిన్నెలు, పిల్లల చెవులు అన్నీ ఎర్రబడిపోయేవి. అక్కడ దగ్గని మగాణ్ణి పట్టి తెస్తే ఊరేగించవచ్చు. అప్పట్లో ఈ జబ్బుకి ఏడాదిన్నర మందు మింగాలి. ఆ పని నాలుగు నెలల్లో అవుతుందా, కొత్త మందుతో జబ్బు పూర్తిగా పోతుందా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. దానికి అరవై మంది రోగులు కావాలి. ఇంటింటికీ తిరిగి, నెల దాటి దగ్గుతున్నవాళ్ళ పేర్లు రాసుకుని, పేరు చీటీ అంటించిన మూత డబ్బా ఒకటి ఇచ్చి, మర్నాడు తెల్లారగానే అందులో కళ్లె పట్టించి తేవడం నా పని. పేటలో ఆడవాళ్ళు నాకు ‘ఉమ్ముల చిలకమ్మ’ అని పేరు పెట్టారు. నాకేం కోపం రాలేదు. పేరు పెట్టినవాళ్ళలో ఒక్కదానికైనా నెల జీతం ఉంటేగా!

పెద్ద డాక్టరు గురునాథరావు గారు మంచివాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు. మా పేటలో బురదకి మొహం చిట్లించకుండా నడిచిన మొదటి పెద్దమనిషి ఆయన. నీళ్ళ కుళాయి దగ్గర అందర్నీ పోగుచేసి, “మీ పేర్లు ఎవరికీ చెప్పం, మీ పనికి ఏ అడ్డం రాదు, మందు ఉచితం” అని మూడు మాటలు చెప్పాడు. మూడింటినీ ఆయన నిజంగానే నమ్మాడు.

మా ఇంట్లో నలుగురం. అన్నయ్య ఎల్లారావు, వదిన పైడితల్లి, వాళ్ళకి పది నెలల ఆడపిల్ల, నేను. అన్నయ్య రేవులో ఖనిజం తట్టలు మోసే ముఠాలో ఉండేవాడు. ఛాతీ వెడల్పైన మనిషి, కానీ సంక్రాంతి వెళ్ళినప్పటినుంచీ పొడిదగ్గు. అతని పేరు నేను రాయకుండా దాటేసేదాన్నే. నా ఖర్మకి, డాక్టరు గారు మా వీధికి వచ్చినరోజే అన్నయ్య గుమ్మంలో కూర్చుని పేగులు బయటపడేలా దగ్గాడు. “ఈయన పేరు రాశావా అమ్మా?” అన్నాడాయన. రాశాను.

ముఠాలో జబ్బు మనిషికి చోటు లేదు. అందరూ ఒకే కుండలో నీళ్ళు ముంచుకుని తాగాలి. క్షయ అని తెలిస్తే మేస్త్రి సన్యాసిరాజు రేవు గేటు దాటనిచ్చే పని కార్డు తీసి జేబులో వేసుకుంటాడు. అంతకు ముందు ఏడాది మా పేటలోనే పోతమ్మ అనే ఆవిడ మొగుడికి అలాగే జరిగింది. ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందో కూడా ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా పేటలో బదిలీ అనేది తప్పు కాదు, మర్యాద. ఒకడికి జ్వరమొస్తే వాడి కార్డు పట్టుకుని తమ్ముడో బావమరిదో పనికి వెళ్ళేవాడు. మేస్త్రికి తెలుసు, గేటు దగ్గర కాపలావాడికీ తెలుసు. పేరు ఎవరిదైనా లెక్కకి ఒక మనిషి వస్తే చాలు. మనిషికి మనిషి సాయం నిలబడటం అంటే మాకు అదే. అందుకే ఆ పొద్దున నాకు వచ్చిన ఆలోచన నాకు పాపమనిపించలేదు.

అన్నయ్య డబ్బాలో ఇంత ఉమ్మి మూత పెట్టి పనికి వెళ్ళిపోయాడు. వదిన ఆ డబ్బాని గుమ్మం పక్కన పెట్టి దానివంక పామును చూసినట్టు చూస్తోంది.

“ఏటి సిలకా, ఇది పట్టుకెళ్ళిపోతావేటి?”

“మరేటి సెయ్యమంటావు వదినా? డాక్టరు గారి ముందే దగ్గినాడు కదా.”

“ఇందులో ఏటైనా ఉందంటే రాజుగారు కార్డు లాగీసుకుంటాడు. మరి మనం ఏటి తింటాం?”

“అయితే బదిలీ పెట్టీద్దాం” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. వదిన కాదు. ఇన్నేళ్ళలో చాలా విషయాలు నాకు అనుకూలంగా మార్చుకుని గుర్తుపెట్టుకున్నాను గానీ ఇది మాత్రం మారలేదు.

అన్నయ్య డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారేశాను. సంచీలోంచి కొత్త డబ్బా తీసి, అతని పేరు చీటీ ఊడదీసి దీనికి అంటించాను. ముందు నేనే ప్రయత్నించాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా దగ్గినా వచ్చింది ఉత్త ఉమ్మే. నిసార్ దాన్ని చూసీ చూడగానే వెనక్కి పంపించేస్తాడు. ఇంకో డబ్బా తీశాను. మళ్ళీ అంతే.

“ఇలా తే” అంది వదిన. పిల్లని చంక మార్చుకుని, గోడవైపు తిరిగి, ఒక్కసారి ఊపిరి తీసుకుంది. అంతే. డబ్బా నా చేతికిచ్చింది. వంచి చూశాను. చిక్కగా, కదలకుండా ఉంది.

“సాల్తాదేటి?”

“సాల్తాది. నువ్వింత బేగి ఎలా తెచ్చీసినావు వదినా?”

“పొద్దుటిపూట వస్తాదిలే, పొయ్యి పొగకి.”

ఇద్దరం నవ్వుకున్నాం. కష్టమైన పని ఒకటి సులువుగా తెమిలిపోయిందన్న సంతోషం నాది. నిసార్ మూడు రోజులు నేర్పిన చదువంతా నా చేతిలో, నా కళ్ళ ముందే ఉంది. అది నాకు ఏమీ చెప్పలేదు. మూత బిగించి సంచీలో వేసుకున్నాను.

నాలుగో రోజున నిసార్ నన్ను పక్కకి పిలిచాడు. “ఎల్లారావు మీ అన్నయ్యే కదా, చిలకమ్మా? ధైర్యంగా విను. చాలా ఎక్కువుంది.”

“కాదండీ, మళ్ళీ చూడండి” అన్నాను.

“రెండుసార్లు చూశాను. కావాలంటే నువ్వూ చూడు.”

సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టించాడు. నీలం రంగు మీద సన్నటి ఎర్రటి పుల్లలు, ఎటు చూస్తే అటు. బియ్యంలో నూకలు కూడా అన్ని ఉండవు. నిసార్ పక్కన నిలబడి, ఇప్పుడు మంచి మందులున్నాయి, మీ అన్నయ్యకేం భయం లేదు అని ఏదో చెబుతున్నాడు. నాకు మాత్రం గోడవైపు తిరిగిన వదిన వీపు, ఆవిడ చంకలో పిల్ల తప్ప ఇంకేమీ కనిపించలేదు. మద్దిలపాలెం నుంచి బస్సెక్కి, దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచి వచ్చాను.

నేను వెళ్ళేసరికి వదిన పిల్లకి పాలిస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పాలు తాగుతున్న పిల్లని రొమ్ము నుంచి విడదీసి నా ఒళ్ళో పెట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే పైట సర్దుకుంది.

“మీ అన్నకి సెప్పకు” అంది చివరికి.

“సెప్పకపోతే ఎలాగ వదినా? మందు నీకు కదా కావాలి!”

“సెప్తే నన్ను ఎలమంచిలి మా అమ్మ కాడికి తోలీస్తారు. గుంటని ఇక్కడే ఉంచీసుకుంటారు. నువ్వు డబ్బా మార్సినావని తెలిస్తే నీ ఉజ్జోగం కూడా పోద్ది. మాత్తర్లు ఇంటికే ఇత్తారు కదా. ఆయన పేరున తే, నాను మింగుతాను. మూడో మనిసికి తెలీనక్కర్లేదు.”

నాకూ అదే బాగుందనిపించింది. మందు వస్తుంది, వదిన మింగుతుంది, నాలుగు నెలల్లో నయమవుతుంది. మొదట బదిలీ కళ్లె, తరవాత బదిలీ మందు. కానీ అది పరిశోధన. మందు ఇంటికివ్వరు. రోజూ పది గంటలకి రోగి స్వయంగా వచ్చి, నర్సు ముందు నోరు తెరిచి మాత్రలు మింగాలి, జబ్బకి సూది పొడిపించుకోవాలి. ఆ సంగతి పని మొదలుపెట్టినరోజే మాకు చెప్పారు. నేను మర్చిపోయాను. డాక్టరు గారు చెప్పగానే జబ్బు తనదేనని నమ్మి, అన్నయ్య వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

మందుగది కోసం వాళ్ళు అద్దెకి తీసుకున్న కొట్టు సరిగ్గా టీ కొట్టుకి ఎదురుగా ఉంది. పేర్లు ఎవరికీ చెప్పం అన్నారు, చెప్పలేదు కూడా. టీ తాగుతూ కూర్చుంటే ఎవరు వరసలో నిలబడ్డారో అందరికీ కనిపిస్తుంది. మూడో రోజు సన్యాసిరాజు టీ గ్లాసు కింద పెట్టి, మెల్లగా రోడ్డు దాటి వచ్చాడు.

“ఎల్లారావూ, నీకూనేటి?”

అన్నయ్య తల వంచుకున్నాడు.

“ఏం పర్లేదు. తగ్గినాక డాక్టరు కాయితం అట్టుకురా. కార్డు ఇలాగియ్యి.”

తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం అన్నయ్య తన కంచం, గ్లాసు, చాప విడిగా తీసుకుని వీధి అరుగు మీదికి మారాడు. పిల్ల పాకుతూ దగ్గరికి వెళ్తే చేత్తో తోసేసేవాడు. “ఒలే, దీన్ని అటు తీసుకుపో. నా జబ్బు దీనికి అంటుకుంటాది” అని అరిచేవాడు. వదిన వచ్చి పిల్లని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి, తన పక్కలో పడుకోబెట్టుకునేది. నేను ఇద్దరినీ చూస్తూ మధ్యలో నిలబడేదాన్ని. రెండు మూడు రోజులు పిల్లని నా దగ్గర పడుకోబెట్టుకున్నాను. అది ఏడిస్తే వదిన తట్టుకోలేక మళ్ళీ తీసుకునేది. తల పక్కకి తిప్పుకుని పాలిచ్చేది.

ఇంటికి దక్కిన మందు ఒక్క ఆదివారానిది. ఆ రోజు కొట్టు మూసేవారు కాబట్టి శనివారమే పొట్లం కట్టి నా చేతికిచ్చేవారు. ఆదివారం మందుకి సెలవని అన్నయ్యకి చెప్పి ఆ పొట్లం వదినకి ఇచ్చేదాన్ని. వారానికి ఒక్క రోజు మందు. ఏదో ఒకటి కడుపులో పడుతోంది కదా అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

వైశాఖం ఎండలు మండుతుండగా వదిన చేపల రేవులో పనికి కుదిరింది. ఎండు చేపలు తిరగెయ్యడం, తట్టలు మొయ్యడం. అన్నయ్య ఇంట్లో కూర్చుని పిల్లకి దూరం నుంచే గిలక్కాయ ఊపేవాడు. సూదులు పడే కొద్దీ అతనికి తల తిరిగేది. “సెవుల్లో ఓడ కూతేత్తన్నట్టుంది సిలకా” అనేవాడు. నర్సుకి చెబితే మందు అంటే అలాగే ఉంటుంది, మానకూడదంది. లేని జబ్బుకి మా అన్నయ్య చెవులు పోగొట్టుకుంటున్నాడు. ఉన్న జబ్బుతో వదిన తట్టలు మోస్తోంది. నేను జీతం తెస్తున్నాను.

జ్యేష్ఠంలో వదిన దగ్గు ఇక పొయ్యి పొగ మీదికి నెట్టడానికి వీల్లేకుండా పోయింది. పైట చెంగు మీద ఎర్ర చార కనిపించిన రోజున చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. దారిలో గట్టిగా నిశ్చయించుకున్నాను. ఏమైనా సరే చెప్పేస్తాను, అన్నయ్య పేరు కొట్టేయించి అక్కడ వదిన పేరు రాయిస్తాను. వదినని బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను డాక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

ఆయన చాలా చిరాగ్గా ఉన్నాడు. ఆ వారమే నాలాగే ఇళ్ళు తిరిగే సూర్యకాంతమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు. వెళ్ళని ఇళ్ళకి వెళ్ళినట్టు రాసిందట.

“ఒక్క అబద్ధం చాలమ్మా, రెండేళ్ళ పని బూడిదైపోవడానికి” అన్నాడు. “నీలాంటిది ఇంకొక్కతి ఉంటే నాకీ తలనొప్పి ఉండేది కాదు. ఏమిటి, చెప్పు?”

“మా వదినండీ. దగ్గుతోంది. రక్తం కూడా పడుతోంది.”

“ఎల్లారావు భార్యా? అయ్యో. అతని దగ్గర అంటుకుని ఉంటుంది.” ఆయన నిజంగానే బాధపడ్డాడు. “మన దగ్గర అరవై మందీ పూర్తయిపోయారమ్మా. కొత్తవాళ్ళని చేర్చుకునే వీలు లేదు, మందు లెక్క ప్రకారం వస్తుంది. పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను, అక్కడ పాత మందు ఇస్తారు.”

చీటీ రాస్తున్నాడు. కలం కాగితం మీద నడుస్తున్నంతసేపూ నాకు వ్యవధి ఉంది. ఆయన ముందు తెరిచి ఉన్న పుస్తకంలో అన్నయ్య పేరు తలకిందులుగా నాకు కనిపిస్తూనే ఉంది. నోరు తెరిచాను కూడా.

“ఇంకేమైనా చెప్పాలా?”

“ఏం లేదండీ” అన్నాను.

బయటికి వచ్చి చీటీ వదినకిచ్చాను. ఆవిడ నా మొహం చూసింది. చెప్పావా అని అడగలేదు. “పోనీలే, నీ ఉజ్జోగం ఉంటే గుంట తింటాది” అంది. ఆ మాటకి అక్కడే నేల మీద పడి ఏడవాలనిపించింది. ఏడవలేదు, ఆ మధ్యాహ్నం పదకొండు ఇళ్ళు తిరగాల్సి ఉంది.

పెద్దాసుపత్రికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఎక్స్‌రే మిషను పాడైందన్నారు. రెండోసారి ఫొటో తీశారు, మంగళవారం రమ్మన్నారు. మంగళవారం వెళితే చేపల రేవులో పని పోతుంది. పని పోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇక వెళ్ళలేదు. వెళ్ళమని నేను చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే, సమాధానం ముందే తెలిసిన ప్రశ్నని ఎంత గట్టిగా అడుగుతామో అంత గట్టిగా.

శ్రావణం వానలతో పాటు నాలుగు నెలలూ పూర్తయ్యాయి. చివరి డబ్బా నేనే ఇచ్చాను. ఈసారి బదిలీ లేదు, అన్నయ్యే నానా తిప్పలు పడి ఇంత కళ్లె తెచ్చాడు. నిసార్ చూశాడు. ఒక్క పుల్ల కూడా లేదు. లోపల ఎంత దుమ్ముందో చూసే అద్దం వాళ్ళ దగ్గర లేదు, దాని గురించి వాళ్ళు పరిశోధన చెయ్యడమూ లేదు. అరవై మందిలో అందరికంటే బాగా కోలుకున్నవాళ్ళలో మా అన్నయ్య ఒకడు. ఒక్క రోజు కూడా మందు మానలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అతనితో చెయ్యి కలిపాడు, ఫొటో తీయించుకున్నాడు. దగ్గు ఇంకా ఉందేమిటని అడిగితే గురునాథరావు గారు, “అది దుమ్ము వల్ల, జబ్బు మాత్రం పూర్తిగా పోయింది” అన్నాడు. ఆయన జీవితంలో అంతకన్నా నిజమైన మాట చెప్పి ఉండడు.

అన్నయ్య కాగితం పట్టుకుని సన్యాసిరాజు దగ్గరికి వెళ్ళాడు, కార్డు తెచ్చుకున్నాడు. వస్తూ వస్తూ మిఠాయి పొట్లం తెచ్చి, అరుగు మీంచి చాప చుట్టి లోపలికి తెచ్చి, నాలుగు నెలల తరవాత మొదటిసారి పిల్లని ఎత్తుకున్నాడు. వదిన గోడకి ఆనుకుని చూస్తోంది. అప్పటికే బుగ్గలు లోపలికి పోయాయి.

“ఏటే పైడీ, ఇలాగైపోనావు? రేపట్నుంచి నువ్వు పనికెళ్ళొద్దు. నానున్నాను కదా” అని మిఠాయి ముక్క ఆవిడ నోట్లో పెట్టబోయాడు. చెవులు మందగించాయి కాబట్టి అన్నీ కేకలేసి చెబుతున్నాడు.

“నాకు సయించదు మావా, గుంటకి పెట్టు” అంది వదిన. తరవాత నావైపు చూసి చిన్నగా నవ్వింది. నిజంగా సంతోషించే నవ్వింది, అదే నాకు భరించరానిది.

కార్తీకంలో పోయింది. పాతికేళ్ళు కూడా నిండలేదు. పెద్దాసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజు.

దహనం అయ్యాక అన్నయ్య నా ముందు కూలబడి, పేటంతా వినేలా ఏడ్చాడు. “నా జబ్బే దానికి అంటించీసినాను సిలకా. నాను బతికి దాన్ని సంపీసినాను. మందు నాకిచ్చినారు, రోగం దానికిచ్చినాను.” పేటలో ఆడవాళ్ళు అతన్ని ఓదార్చారు, వాడు కావాలని చేశాడా అన్నారు. నేను కూడా అతని వీపు నిమిరాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఉద్యోగం ఇంకో ఏడాది ఉందన్నారు, పిల్లకి పాల డబ్బా కొనాలి. ఏడాది అయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

అన్నయ్య మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లని ముద్దు కూడా పెట్టుకోలేదు. ఎన్నిసార్లు పరీక్ష చేయించి, నీలో ఏమీ లేదని డాక్టర్లు చెప్పినా నమ్మేవాడు కాదు. ఏటా వదిన పోయిన రోజున పిల్లని కూర్చోబెట్టి, “మీ అమ్మని నానే సంపీసినానమ్మా” అని చెప్పేవాడు. అది అతనికి పూజలాగా తయారైంది. నేను వంటింట్లో ఉండి వినేదాన్ని.

పిల్లకి పద్నాలుగేళ్ళప్పుడు, అలాంటి ఒక రోజున వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. అచ్చం వదిన మొహమే.

“అత్తా, నాన్న సెప్పేది నిజమేనా? అమ్మకి నాన్న దగ్గరే అంటుకుందా?”

మందుగది మూసేసి అప్పటికి పన్నెండేళ్ళు దాటింది. గురునాథరావు గారు ఎక్కడున్నాడో తెలియదు. నా పేరు రాసుకున్న పుస్తకం ఎవరి దగ్గరా లేదు, నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళూ లేరు. నిజం చెబితే ఇక పోయేది ఏమీ లేదు, ఆ పిల్ల నన్ను చూసే చూపు తప్ప.

“అవునమ్మా” అన్నాను.